నక్షత్రం తీగ దాటిన క్షణం

18వ శతాబ్దం చివర్లో గ్రీనిచ్ వేధశాల సహాయకుడి రాత్రి పని ఇలా ఉండేది. ఉత్తర దక్షిణాలుగా మాత్రమే కదిలే టెలిస్కోపుకు కన్ను ఆనించి కూర్చోవాలి. దృశ్యానికి అడ్డంగా నిలువునా బిగించిన ఐదు సన్నటి తీగలు. పక్కనే సెకను సెకనుకూ టక్కుమనే లోలకం గడియారం. నక్షత్రం కనపడబోతుందనగా గడియారం ముఖం ఒక్కసారి చూసి సెకను గుర్తుపెట్టుకోవాలి. అక్కణ్ణుంచి కన్ను నక్షత్రం మీద, చెవి గడియారం మీద. టక్కు వినపడ్డప్పుడు నక్షత్రం తీగకు ఇవతల ఎంత దూరంలో ఉందో మనసులో పట్టుకోవాలి. మరుసటి టక్కుకు అవతలికి ఎంత దూరం పోయిందో చూడాలి. ఆ రెండు దూరాలను పోల్చి, తీగ దాటిన క్షణాన్ని సెకనులో పదో వంతు వరకూ లెక్కగట్టి రాయాలి. రాసేలోపే రెండో తీగ దగ్గరపడుతుంది.

దీన్ని ‘కన్ను-చెవి పద్ధతి’ అనేవారు. పూర్వపు రాజ ఖగోళవేత్త జేమ్స్ బ్రాడ్లీ కాలం నుంచి గ్రీనిచ్‌లో ఇదే ఆచారం. ఓడల గడియారాలకూ, పటాలకూ, పంచాంగాలకూ మూలాధారం ఈ పనే. భూమి ఒక్క సెకనులో 15 ఆర్క్ సెకన్లు తిరుగుతుంది. అంటే గడియారంలో సెకను తేడా వస్తే భూమధ్యరేఖ దగ్గర పటం మీది స్థానం దాదాపు 460 మీటర్లు పక్కకు జరిగిపోతుంది. అందుకే పదో వంతు కోసం అంత పట్టుదల.

1794లో ఈ పనిలో చేరిన డేవిడ్ కిన్నెబ్రూక్ మొదట్లో బాగానే నెగ్గుకొచ్చాడు. అతని లెక్కలూ రాజ ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ లెక్కలూ సరిపోయేవి. 1795 ఆగస్టు నుంచి మాత్రం కిన్నెబ్రూక్ ప్రతి నక్షత్రాన్నీ అర సెకను ఆలస్యంగా రాయడం మొదలైంది. మాస్కెలిన్ హెచ్చరించాడు. హెచ్చరిక తర్వాత తేడా తగ్గకపోగా, 1796 జనవరికి 0.8 సెకన్లకు చేరింది. కుర్రవాడు శ్రద్ధగలవాడే, ఇతర పనుల్లో వంక పెట్టడానికి లేదు, అయినా ఉద్యోగం ఊడింది. అతను ఏదో సొంత అడ్డదారి పద్ధతిలో పడ్డాడని మాస్కెలిన్ నమ్మాడు. ఆ సంగతంతా వేధశాల పరిశీలనల సంపుటంలో అచ్చువేశాడు కూడా. కిన్నెబ్రూక్ 1802లో చనిపోయాడు. తన పేరు మీద మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఒక అధ్యాయం మొదలవుతుందని అతనికి తెలిసే అవకాశమే లేదు.

మాస్కెలిన్ తీర్పులో ఒక నమ్మకం దాగుంది. ఆరోగ్యమైన కన్నూ, చెవీ, శ్రద్ధా ఉంటే నక్షత్రం తీగ దాటడం ఎవరికైనా దాటినప్పుడే కనపడుతుందనీ, కనపడలేదంటే తప్పు మనిషిదేననీ. తన కన్ను సరైనదేనా అన్న ప్రశ్న ఆయనకు రాలేదు. యజమాని కదా!

ఆ ప్రశ్న ఇరవై ఏళ్ల తర్వాత బాల్టిక్ తీరాన కోనిగ్స్‌బర్గ్‌లో ఒకాయనకు వచ్చింది. ఈనాటి రష్యాలోని కలీనిన్‌గ్రాద్ ఊరే అది. అక్కడి వేధశాల అధిపతి ఫ్రీడ్రిష్ బెస్సెల్ మహా చాదస్తుడు. పరికరంలో ప్రతి మరా, ప్రతి తీగా ఎంత దోషం చేస్తున్నాయో కొలిచి సవరించుకునే రకం. 1838లో ఒక నక్షత్రపు దూరాన్ని నమ్మదగినట్టు మొదట కొలిచి చెప్పింది ఆయనే. గ్రీనిచ్ చరిత్ర మీద 1816లో వచ్చిన ఒక జర్మన్ వ్యాసంలో కిన్నెబ్రూక్ ఉదంతం చదివి ఆయన ఆగిపోయాడు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా మనిషి 0.8 సెకన్ల తప్పును దిద్దుకోలేకపోయాడంటే, అది అజాగ్రత్త కాదని ఆయనకు అనిపించింది.

పరీక్షకు తననే పెట్టుకున్నాడు. 1820-21 చలికాలంలో వాల్బెక్ అనే ఖగోళవేత్తతో కలిసి అవే నక్షత్రాలను వంతులవారీగా చూశాడు. బెస్సెల్ ప్రతిసారీ ముందు. ఇద్దరి మధ్య సగటు తేడా 1.041 సెకన్లు. 1823లో ఆర్గెలాండర్‌తో పోల్చుకుంటే 1.223 సెకన్లు. కిన్నెబ్రూక్‌కు ఉద్యోగం పోగొట్టిన తేడా కన్నా ఇది చాలా ఎక్కువ. ఆర్గెలాండర్ చేయి తిరిగిన పరిశీలకుడు. పైగా ఈ తేడా నిలకడగా కూడా ఉండేది కాదు. మరో ఖగోళవేత్త స్ట్రూవెతో పోల్చినప్పుడు 1814లో దాదాపు సున్నా, 1821కి 0.8, 1823కి సెకను దాటింది. సెకనుకు బదులు అర సెకనుకు కొట్టే గడియారం పెట్టుకుంటే బెస్సెల్ లెక్క మరోలా మారిపోయింది.

ఇందులో ఇబ్బంది ఒకటుంది. బెస్సెల్‌కూ ఆర్గెలాండర్‌కూ తేడా ఎంతో చెప్పవచ్చు. ఇద్దరిలో ఎవరు సరైనవారో చెప్పడం ఎలా? ఇద్దరికీ మించి నక్షత్రాన్ని ఉన్నదున్నట్టు చూసిన మూడో మనిషి లేడు. ఖగోళవేత్తలు ఈ తేడాకు ‘పర్సనల్ ఈక్వేషన్’ అని పేరు పెట్టి, ప్రతి పరిశీలకుడికీ ఒక సవరణ అంకె కట్టబెట్టి పని కొనసాగించారు. గొప్పవాడైనా కొత్తవాడైనా పరికరాల జాబితాలో తానూ ఒక పరికరమే. ఈ వినయం వాళ్లకు తత్వశాస్త్రం చదివి అబ్బింది కాదు, లెక్కలు కలవకపోవడం వల్ల వచ్చింది.

కన్ను-చెవి పద్ధతి మన తీరానికీ చేరింది. గ్రీనిచ్‌లోనే పని నేర్చిన టి.జి. టేలర్ 1830లో మద్రాసు వేధశాలకు వచ్చి, 11,015 నక్షత్రాల పట్టికను 1844లో వెలువరించాడు. ఆయన దగ్గర శిష్యరికం చేసిన విశాఖపట్నం జమీందారీ కుటుంబీకుడు గోడె వెంకట జగ్గారావు, 1840 ప్రాంతంలో తన ఊళ్లో సొంత వేధశాల కట్టించుకున్నాడు. జగ్గారావు 1856లో పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని అక్కడి నుంచి గమనించాడు. శుక్రుడు అలా దాటే సమయాన్ని పట్టడంలోనూ ఇదే తలనొప్పి. శుక్రుడి అంచు సూర్యుడి అంచును వీడే క్షణంలో రెండింటి మధ్యా నల్లటి చుక్క సాగినట్టు కనపడుతుంది; పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు సెకన్ల కొద్దీ తేడాతో రాస్తారు. అందుకే దాన్ని గమనించడానికి వెళ్లే యాత్రలు బయలుదేరే ముందు గ్రీనిచ్‌లో ఒక నమూనా శుక్రుణ్ణి కదిలిస్తూ పరిశీలకుల చేత సాధన చేయించారు.

మళ్లీ కోనిగ్స్‌బర్గ్‌కు. 1849లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ అక్కడ శరీరధర్మశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. బెస్సెల్ చనిపోయి అప్పటికి మూడేళ్లు. ఊరు మాత్రం తత్వవేత్త కాంట్ ఊరు. మనకు తెలిసే లోకం మన మనసు కట్టిన చట్రాల్లోంచే తెలుస్తుందని 1781లో రాసిన మనిషి పుట్టి, పెరిగి, పాఠాలు చెప్పి, పోయిన ఊరు. అక్కడ హెల్మ్‌హోల్ట్స్ కప్ప కాలి నరం మీద విద్యుత్తు ప్రయోగించి, నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలిచాడు. ఆ వేగాన్ని కొలవడం బహుశా ఎప్పటికీ సాధ్యం కాదని ఆయన గురువు యోహనెస్ మ్యుల్లర్ తన గ్రంథంలో రాసి ఉన్నాడు. శిష్యుడికి తేలింది సెకనుకు సుమారు 30 మీటర్లు. ధ్వని వేగంలో పదో వంతు కూడా కాదు. కొలతలు రాసుకోవడంలో ఆయన భార్య ఓల్గా సాయం చేసింది. 1850 డిసెంబరులో అదే ఊళ్లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన ఖగోళవేత్తల తేడాలను కూడా ప్రస్తావించాడు. తిమింగిలం తోకకు గాయమైతే ఆ కబురు తలకు చేరడానికి దాదాపు ఒక సెకను పడుతుందని శ్రోతలకు లెక్క చెప్పాడు.

అంటే తీగ దగ్గర జరిగినదానికీ మనిషికి తెలిసినదానికీ మధ్య ఎప్పుడూ కొంత దారి ఉంది, దానికి కొంత సమయం పడుతుంది. ఆ దారిలో ఏం జరుగుతుంది? 1867లో పూర్తయిన దృష్టిశాస్త్ర మహాగ్రంథంలో హెల్మ్‌హోల్ట్స్ జవాబు చెప్పాడు: ఇంద్రియాలు అందించేవి లోకపు బొమ్మలు కావు, గుర్తులు. ఆ గుర్తులను బట్టి, ఎదురుగా ఏముంటే ఇలాంటి గుర్తులు వస్తాయో మనకు తెలియకుండానే మనం ఊహిస్తాం. ఎవరైనా చేసి చూసుకోదగ్గ ఉదాహరణ ఉంది. కన్ను మూసుకుని రెప్ప మీదుగా కంటి బయటి కొసను వేలితో మెల్లగా నొక్కితే వెలుగు వలయం కనపడుతుంది, నొక్కిన వైపు కాదు, ముక్కు వైపు. ఎందుకంటే రెటీనాలో ఆ చోట మామూలుగా కదలిక పుట్టించేది ముక్కు వైపు నుంచి వచ్చే వెలుగే. నొక్కింది తన వేలేనని తెలిసినా వలయం చోటు మారదు. ఊహ మన మాట వినదు. కిన్నెబ్రూక్ దిద్దుకోలేకపోయిన కారణానికి ఇక్కడ ఒక సూచన దొరుకుతుంది.

హెల్మ్‌హోల్ట్స్ ఆలోచన 20వ శతాబ్దం చివర్లో గణిత రూపం తొడుక్కుంది. హైదరాబాద్‌లో బడి చదువు చదువుకుని అమెరికా వెళ్లిన రాజేశ్ రావు, డేనా బల్లార్డ్‌తో కలిసి 1999లో ఒక నమూనా ప్రచురించాడు. మెదడులోని దృష్టి ప్రాంతాల్లో పై అంతస్తు కింది అంతస్తుకు ‘నీకు రాబోయేది ఇది’ అని ముందే కబురు పంపుతుంది. కింది నుంచి పైకి పోయేది ఆ అంచనా ఎంత తప్పిందన్నది మాత్రమే. పొట్టి గీతకు చురుగ్గా స్పందించే కొన్ని నాడీకణాలు అదే గీత పొడవైతే ఎందుకు మెదలకుండా ఉంటాయో ఈ నమూనా చక్కగా విడమరిచింది: పొడవు గీతను పై అంతస్తు ముందే ఊహించేసింది, చెప్పడానికి తప్పేమీ మిగల్లేదు. తర్వాత నాడీశాస్త్రవేత్త కార్ల్ ఫ్రిస్టన్ దీన్ని మెదడు పనితీరు మొత్తానికీ సూత్రంగా పెంచాడు. మరో నాడీశాస్త్రవేత్త అనిల్ సేఠ్ ఇంకో అడుగు వేసి, మనం చూసేదంతా లోకం అదుపులో పెట్టిన భ్రాంతి అంటాడు.

ఇక్కడే పేచీ. అంచనాయే చూపు అయితే మనం చూస్తున్నది లోకాన్నా, మన అంచనానా? డెన్మార్క్‌కు చెందిన తత్వవేత్త యాకబ్ హోవీ 2013లో వచ్చిన పుస్తకంలో కుండబద్దలు కొట్టాడు: మెదడు పుర్రెలో బందీ, దానికి అందేవి ఇంద్రియ సంకేతాలే, బయట ఏముందో ఆ సంకేతాలను బట్టి ఊహించుకోవడమే దాని పని. మరో తత్వవేత్త ఆండీ క్లార్క్ అదే సిద్ధాంతాన్ని నమ్ముతూనే అది కాదంటాడు: అంచనాలు మనకూ లోకానికీ మధ్య తెర కావు, శరీరం, చేతలు, పరిసరాలతో ముడిపడి అవి మనల్ని లోకానికి దగ్గర చేస్తాయి. ఒకే గణితం, రెండు తీర్పులు.

ఈ తగవు భారతదేశానికి కొత్తదేమీ కాదు. బయటి వస్తువు నేరుగా కనపడదు, జ్ఞానంలో పడిన దాని ఆకారాన్ని బట్టి ఊహించుకోవాలి అని సౌత్రాంతిక బౌద్ధుల వాదం. ఇంద్రియం వస్తువును తాకినప్పుడు పుట్టే జ్ఞానం వస్తువుదే, మధ్యలో బొమ్మ లేదు అని న్యాయ దర్శనానికి చెందిన నైయాయికుల పట్టు. బౌద్ధ తర్కానికి పునాది వేసిన దిఙ్నాగుడు ఆంధ్ర రాజధానికి దగ్గర్లోని ఒక కొండ మీద తర్కగ్రంథం రాశాడని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసుకున్నాడు. ఎదుటి పక్షపు తర్కాన్ని తర్వాతి తరాల విద్యార్థుల నోళ్లలో నానేలా చేసిన ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు తెలుగువాడే. నైయాయికుల వాదంలో ఈ కథకు పనికొచ్చేది ఒకటుంది. దూరాన నీళ్లు కనపడ్డాయి. అవి నిజంగా నీళ్లా, ఎండమావులా? చూపును ఎంత చిలికినా అందులోంచి జవాబు రాదు. నడిచి వెళ్లి దాహం తీరితే ఆ జ్ఞానం నిజమైంది. జ్ఞానం సరైనదని తెలిసేది చేత ఫలించినప్పుడు.

చేత అనగానే మళ్లీ వేధశాలల దగ్గరికే రావాలి. ఎందుకంటే పర్సనల్ ఈక్వేషన్ కథ బెస్సెల్‌తో ముగియలేదు. దాన్ని తగ్గించడానికి తర్వాత ఏం చేశారన్నది చరిత్రకారులు తొందరగా దాటేసే భాగం. తత్వవేత్తలు అంతగా తొక్కని భాగం. హోవీ, క్లార్క్‌ల వాదానికి సాక్ష్యం ఉన్నది మాత్రం అందులోనే.

మొదటి ప్రయత్నం చెవిని తప్పించడం. 1850ల నుంచి గ్రీనిచ్ సహా పలు వేధశాలల్లో విద్యుత్ క్రోనోగ్రాఫ్ వచ్చింది. నక్షత్రం తీగ మీదికి రాగానే పరిశీలకుడు మీట నొక్కుతాడు, తిరిగే కాగితం మీద గుర్తు పడుతుంది. తేడాలు బాగా తగ్గాయి, పోలేదు. కొందరు నక్షత్రం తీగను తాకాక నొక్కుతారు. కొందరు తాకబోతుందని తెలిసి ముందే నొక్కేస్తారు. నక్షత్రం నడక నిలకడగలది కాబట్టి ముందుగా ఊహించడం తేలిక. ఈ ఊహ ప్రయోగశాలలోనూ పట్టుబడింది. 1994లో రోమి నిజావన్ ప్రచురించిన ప్రయోగంలో కదిలే గీతకు సరిగ్గా పక్కన ఒక మెరుపు మెరిపిస్తే, చూసేవాళ్లకు మెరుపు వెనకబడ్డట్టు, గీత ముందుకు పోయినట్టు కనపడింది. నరాల ఆలస్యాన్ని పూడ్చడానికి మెదడు కదిలే వస్తువును ముందుకు జరిపి చూపిస్తుందని ఆయన వాదన. కాదు, మెరుపు తర్వాత వచ్చిన సమాచారంతో మెదడు వెనక్కి దిద్దుకుంటుందని ఈగిల్‌మన్, సెజ్నోవ్‌స్కీలు 2000లో ఎదురు వాదించారు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

రెండో ప్రయత్నం కృత్రిమ నక్షత్రం. యంత్రంతో కదిలే ఒక వెలుగు చుక్కను తీగల మీదుగా నడిపిస్తారు. అది తీగ దాటిన అసలు క్షణాన్ని యంత్రమే నమోదు చేస్తుంది. ఇన్నాళ్లూ లేని మూడో సాక్షి దొరికాడన్నమాట. 1860ల్లో పారిస్‌లో షార్ల్ వోల్ఫ్ ఇలాంటి యంత్రంతో తన దోషాన్ని కొలుచుకుని, సాధనతో దాన్ని గణనీయంగా తగ్గించుకున్నాడు. మసక నక్షత్రాలను ప్రకాశవంతమైన వాటికన్నా ఆలస్యంగా రాస్తారన్న విషయం కూడా ఈ దశాబ్దాల్లో బయటపడింది.

అసలు మార్పు మూడోది. హాంబర్గ్‌లోని రెప్సోల్డ్ అనే పరికరాల తయారీ సంస్థ 1889 ప్రాంతంలో ఒక మైక్రోమీటర్ చేసింది. ఇందులో తీగ నిలబడి ఉండదు, నక్షత్రంతో పాటు కదులుతుంది. పరిశీలకుడు రెండు చేతులతో మర తిప్పుతూ తీగను నక్షత్రం మీదే ఉంచుతాడు. మర తిరిగిన కొద్దీ దానికున్న లోహపు పట్టీలు విద్యుత్ తీగను తాకి, వాటంతటవే క్రోనోగ్రాఫ్‌కు సంకేతాలు పంపుతాయి. ఏ క్షణంలో దాటింది అని మనిషిని ఎవరూ అడగరు. వెంబడించమని మాత్రమే అడుగుతారు. సెకనులో పదో వంతుల్లో ఉన్న తేడాలు వందో వంతుల్లోకి పడిపోయాయి. దీనికి పెట్టిన పేరు ‘వ్యక్తి నిరపేక్ష మైక్రోమీటర్’. ఆ పేరు అంత అతకలేదు, ఎందుకంటే వ్యక్తిని తీసేయలేదు. అతనికి చేతులు ఇచ్చారు.

అవే కళ్లు, అవే నరాలు, అదే ఆలస్యం, అదే ఊహ. మారింది పని. కన్ను-చెవి పద్ధతి మనిషిని చేతులు కట్టేసి కూర్చోబెట్టి, సాగిపోతున్న నక్షత్రంలోంచి ఒక క్షణాన్ని కోసి ఇవ్వమంది. కోసి ఇచ్చిన క్షణం నిజంగా అంచనాయే, మనిషి మనిషికీ మారింది. మైక్రోమీటర్ దగ్గర అంచనా ఎక్కడికీ పోలేదు. నక్షత్రం ఎటు పోతుందో ఊహించకుండా మర తిప్పడం కుదరదు. అయితే ఊహ తప్పిన మరుక్షణం తీగకూ నక్షత్రానికీ మధ్య సందు కనపడుతుంది, చేయి సర్దుకుంటుంది. అంచనా ఇక్కడ తలలో కట్టిన బొమ్మగా మిగలదు. నక్షత్రాన్ని వదలకుండా పట్టుకోవడంలో భాగమవుతుంది. క్లార్క్ చెప్పేదీ ఇదే. బందీ మెదడు అన్న హోవీ చిత్రం కిన్నెబ్రూక్ కుర్చీకి బాగా నప్పుతుంది, రెప్సోల్డ్ మర తిప్పే మనిషికి నప్పదు. సిద్ధాంతం రెండు తీర్పులకూ తావిచ్చినట్టు కనపడడానికి ఒక కారణం, ప్రయోగశాలల్లో చూపును ఎక్కువగా మొదటి కుర్చీలో కూర్చోబెట్టి పరీక్షించడం.

హోవీ ఊరుకోడు. చేయి కదిలిన సంగతి కూడా మెదడుకు సంకేతంగానే తెలుస్తుంది, సందు కనపడడమూ సంకేతమే, పుర్రె గోడ గోడగానే ఉంది అంటాడు. నిజమే, సంకేతాలు లేని దారి ఎవరికీ లేదు. కానీ సంకేతాల ద్వారా చూడడం వేరు, సంకేతాలను చూడడం వేరు. బెస్సెల్, ఆర్గెలాండర్‌ల మధ్య 1.223 సెకన్ల తేడా అని రాయగలిగామంటే, ఇద్దరి చూపూ ఒకే నక్షత్రం మీద ఉందని ముందే ఒప్పుకున్నట్టు. చెరొకరు తన తలలోని నక్షత్రాన్నే చూసి ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. ఖగోళవేత్తలు ఏ దశలోనూ ‘మనం చూసేది నక్షత్రం కాదు’ అనుకోలేదు. ‘నక్షత్రాన్ని ఇంత తేడాతో చూస్తున్నాం’ అనుకున్నారు, సవరించుకున్నారు.

మైక్రోమీటర్ కూడా అన్ని దోషాలనూ తుడిచేయలేదు. కొందరు మర తిప్పేటప్పుడు తీగను నక్షత్రానికి వెంట్రుకవాసి ముందు ఉంచుతారు, కొందరు వెనక. దానికి కనిపెట్టిన విరుగుడు కంటి దగ్గర అమర్చే ఒక పట్టకం. సగం పరిశీలన అయ్యాక పట్టకాన్ని తిప్పితే, ఎడమ నుంచి కుడికి పోతున్న నక్షత్రం కుడి నుంచి ఎడమకు పోతున్నట్టు కనపడుతుంది. ముందుండే తప్పు వెనకుండే తప్పుగా మారి, రెండూ కలిపి సగటు తీస్తే చాలావరకూ చెల్లిపోతుంది.